పూతరేకంత పల్చటి వెండి: బిషప్పుల నాణేల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ శీర్షికలో జర్మనీ బిషప్పు ఒకాయన కొట్టించిన వెండి నాణెం ఫోటో వేసి, కింద నాలుగు వాక్యాలు రాసి వదిలేశాను. నిజం చెప్పాలంటే పేజీలో కాస్త ఖాళీ మిగిలితే వేశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. విజయనగర వరహాల మీద కష్టపడి రెండు పేజీలు రాస్తే ఇద్దరంటే ఇద్దరు రాశారు మరి! సరే, ఈసారి మొత్తం వీటికే ఇచ్చేస్తున్నాను. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగిన చోట ఒకరి ఉత్తరమే వేశాను, మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా అబ్బాయి జర్మనీలో హాలే అనే ఊళ్లో చదువుతున్నాడు. అక్కడ పాత సామాన్ల సంతలో ఒక వెండి బిళ్ళ కొని, సంక్రాంతికి వచ్చినప్పుడు తెచ్చాడు. తూకం వేయిస్తే గ్రాము కూడా లేదు. ఒకవైపు పొడుగు టోపీ పెట్టుకున్న గురువుగారి బొమ్మ ఉంది, రెండోవైపు అదే బొమ్మ గుంటగా కనిపిస్తోంది. మా ఆవిడ "ఇది అంతర్వేది తీర్థంలో అమ్మే వెండి కళ్ళలాంటి ముడుపు బిళ్ళ, నాణెం ఏంటి" అంటోంది. మా ఊరి కంసాలేమో వెనక అచ్చు సరిగా పడలేదు, పాడైన సరుకు అంటున్నాడు. మేం మోసపోయామంటారా?
– మలికిపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మోసపోయారో లేదో చివర్లో చెప్తాను గానీ, ముందు మీ ఆవిడగారికి నా నమస్కారాలు అందజేయండి. పనితనం వరకూ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తీర్థంలో అమ్మే వెండి కళ్ళు ఎలా తయారవుతాయో ఈ నాణెమూ దాదాపు అలాగే తయారైంది. పల్చటి రేకు, దాని కింద మెత్తటిది ఏదో ఒకటి, పైన అచ్చు, ఒక సుత్తి దెబ్బ. మన కంసాలులు నకాషీ పని చేసేటప్పుడు కింద లక్క పోసుకుంటారు కదా, వాళ్ళు తోలు ముక్కో, దట్టమైన ఉన్ని గుడ్డో, సీసపు దిమ్మో వేసుకునేవారు. దాంతో బొమ్మ ముందుకు ఉబికి వస్తుంది, వెనక అదే బొమ్మ తిరగబడి గుంట పడుతుంది. కాబట్టి మీ కంసాలి గారు అన్నట్టు వెనక అచ్చు సరిగా పడకపోవడం కాదు, వెనక అచ్చే లేదు. కావాలనే ఒక్క అచ్చుతో కొట్టారు.

వీటిని ఇప్పుడు బ్రాక్టియేట్లు అంటారు. లాటిన్‌లో బ్రాక్టియా అంటే లోహపు రేకు. ఈ పేరు చాలా శతాబ్దాల తర్వాత పండితులు పెట్టింది, వాటితో గుడ్లూ గోధుమలూ కొనుక్కున్న జనానికి అది వట్టి "ఫెన్నిగ్", అంటే వాళ్ళ మామూలు వెండి నాణెం, అంతే. నేను రేకు నాణెం అని రాస్తాను, చదవడానికి హాయిగా ఉంటుంది. ఇవి 1130 ప్రాంతాల్లో జర్మనీ తూర్పు భాగంలో, సాక్సనీ, థురింగియా వైపు మొదలయ్యాయి. కొన్నిటి వెడల్పు నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, బరువు చూస్తే గ్రాము లోపే. మన పది రూపాయల బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు, బరువు ఏడున్నర గ్రాముల పైచిలుకు. ఆ లెక్కన ఊహించుకోండి. మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది నాణెం కాదు, ఆత్రేయపురం పూతరేకు. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుందేమో అనిపించింది.

మీ అబ్బాయి ఉన్న ఊరు కూడా మంచి చోటే. హాలే ఒకప్పుడు మాగ్డెబుర్గ్ ఆర్చిబిషప్పు ఏలుబడిలోది. ఆ ఊళ్లో మోరిట్స్‌బుర్గ్ అని ఆర్చిబిషప్పులు కట్టుకున్న కోట ఉంది. ఇప్పుడది మ్యూజియం, ఆ రాష్ట్రపు నాణేల సంగ్రహం అందులోనే ఉంది. సెలవులైపోయి వెళ్ళేటప్పుడు బిళ్ళను వెంట తీసుకెళ్ళనక్కర్లేదు, మంచి ఫోటోలు పట్టుకెళ్ళి చూపించమనండి. బొమ్మలో గురువుగారి చేతుల్లో ఏముందో, చుట్టూ అక్షరాలున్నాయో లేదో మీరూ ఒకసారి భూతద్దం పెట్టి చూడండి. కవచం తొడుక్కున్న సైనికుడి బొమ్మ అయితే మాగ్డెబుర్గ్ ఇలవేల్పు లాంటి సెయింట్ మోరిస్ కావచ్చు, రాళ్ళ దెబ్బలు తింటున్న మనిషి అయితే హాల్బెర్‌ష్టాట్ వాళ్ళ సెయింట్ స్టీఫెన్. టోపీ, చేతికర్ర మాత్రమే ఉంటే బిషప్పు అని తెలుస్తుంది గానీ ఏ బిషప్పో అంత తేలిగ్గా తేలదు.

ఇక అసలుదా నకిలీదా అన్న సంగతి. ఈ నాణేలకు దొంగ సరుకు ఇవాళ పుట్టింది కాదు. 18వ శతాబ్దంలోనే హానోవర్‌లో నికొలావుస్ సీలెండర్ అనే చెక్కుడు పనివాడు బోలెడన్ని దొంగ రేకు నాణేలు చేసి సేకరణదారులకు అంటగట్టాడు. ఇప్పుడు ఆ దొంగ నాణేలకూ కొనేవాళ్ళున్నారు, అది వేరే కథ. నా మట్టుకు నేను ఆన్‌లైన్‌లో ఒకటి కొని సంబరపడి, నెల తిరక్కుండానే అదే అమ్మకందారు పేజీలో ఇంకో రెండు చూశాను. మూడింటికీ అంచు మీద ఒకే చోట ఒకేలాంటి గంటు! చేత్తో కొట్టిన నాణేలకు అంచు నొక్కులు దేనివి దానికే ఉంటాయి, కవలలు పుట్టవు. పోతపోసిన సరుకు అని అప్పుడు బుర్రకెక్కింది. డబ్బు తిరిగి రాలేదు. మీది ఒక్కటే కాబట్టి పోల్చడానికి లేదు, అందుకే మ్యూజియం దాకా వెళ్ళమంటున్నాను. కొన్నప్పుడు బిల్లు ఇచ్చి ఉంటే మాత్రం పారేయొద్దని చెప్పండి.

ప్రశ్న: నాది కొబ్బరికాయల వ్యాపారమండి. రోజూ డబ్బు లెక్కపెట్టే చెయ్యి. నాణెం అంటే వెయ్యి చేతులు మారాలి, సంచీలో పడాలి, నేలమీద పడాలి. ఇంత పల్చగా కొడితే నలిగి చావదా? బుద్ధున్న ప్రభువు ఎవడైనా ఇలాంటిది చేయిస్తాడా?
– అంబాజీపేట నుంచి ఒక వ్యాపారి

జవాబు: నలుగుతుందండి. విరుగుతుంది కూడా. చిల్లర కావాల్సి వస్తే కత్తెర పెట్టి సగానికి కత్తిరించి ఇచ్చేవాళ్ళు కూడాను. కానీ ఆ నాణెం ఏళ్ళ తరబడి బతకాలని దాన్ని కొట్టించినవాడు అనుకోలేదు. ఆర్నెల్లు నిలిస్తే చాలు ఆయనకి. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతాదంతా తెలిసిపోతుంది.

మీ మార్కెట్టునే తీసుకుందాం. అంబాజీపేటకు ఒక ప్రభువు ఉన్నాడనుకోండి, ఆయన గుడి పెద్ద కూడా. మార్కెట్టులో ఆయన ముద్ర ఉన్న నాణెమే చెల్లాలి, రావులపాలెం అరటి మార్కెట్టు నాణెం ఇక్కడ పనికిరాదు, వశిష్ఠ దాటి నరసాపురం వెళ్తే మీ నాణెం అక్కడ పనికిరాదు. ఇంతవరకూ సరే. ఏడాదికి రెండుసార్లు ఆయన మనిషి వచ్చి మార్కెట్టు మధ్యలో బల్ల వేసుకుని కూర్చుంటాడు. పాత నాణేలు రద్దయ్యాయి, ఇవిగో కొత్తవి, పన్నెండు పాతవి ఇస్తే తొమ్మిది కొత్తవి ఇస్తా అంటాడు. మిగతా మూడు ప్రభువుగారి ఖజానాకి. కాదంటే మీ పాత నాణెంతో ఆ మార్కెట్టులో ఒక్క బొండం కూడా కొనలేరు.

మాగ్డెబుర్గ్‌లో అచ్చంగా ఇదే జరిగింది. 1152 నుంచి 1192 దాకా అక్కడ ఆర్చిబిషప్పుగా ఉన్న విచ్‌మన్ ఈ పద్ధతిని ఏడాదికి రెండుసార్లకు తెచ్చాడు. లెక్క వేసి చూడండి. పెట్టెలో 160 నాణేలు పెట్టుకుని కదలకుండా కూర్చున్నవాడికి మొదటి మార్పిడి తర్వాత 120, రెండోదాని తర్వాత 90. ఏడాది తిరిగేసరికి దాదాపు సగం గోవిందా. 2016 నవంబరులో మనం బ్యాంకుల ముందు నిలబడ్డాం గుర్తుందిగా, అప్పుడు క్యూలో టెన్షన్ పడ్డాం గానీ అయిదొందలు జమ చేస్తే ఖాతాలో అయిదొందలే పడ్డాయి. అలాంటిది ఆర్నెల్లకోసారి, వెళ్ళిన ప్రతిసారీ పావు వంతు కోసుకుని ఇస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆయన్ని పూర్తిగా దుర్మార్గుడు అనలేం లెండి, ఆ కాలంలో పన్ను వసూలు చేయడానికి కరణాలూ లేరు, రికార్డులూ లేవు, ఎవడి దగ్గర ఎంతుందో తెలుసుకునే దారీ లేదు. సంతకు వచ్చినవాడు మాత్రం నాణెం తీయక తప్పదు. సంతలో తట్టకింత, బండికింత అని ఆశీలు వసూలు చేస్తారు కదా, ఇది డబ్బు మీదే వేసిన ఆశీలు. పెద్దగా ఖర్చు లేని వసూలు. నిజానికి ఆ ప్రాంతపు ధర్మాలన్నీ పోగుచేసి 1220, 1235 మధ్య రాసిన సాక్సెన్‌ష్పీగెల్ అనే గ్రంథంలో కొత్త ప్రభువు వచ్చినప్పుడు నాణెం మార్చాలి అని ఉంది. మరి విచ్‌మన్ గారు నలభై ఏళ్ళూ తానే ప్రభువు. మీరే అనుకోండి.

ఇప్పుడు పల్చదనం దగ్గరికి రండి. ఆర్నెల్లకోసారి ఊళ్లో ఉన్న వెండి అంతా కరిగించి మళ్ళీ కొట్టాలంటే పని చకచకా అవ్వాలి. రెండు అచ్చుల మధ్య పెట్టి దళసరి బిళ్ళ కొట్టడానికి అచ్చులు రెండు చెక్కాలి, దెబ్బ బలంగా పడాలి, అచ్చులు అరిగిపోతాయి. రేకుకి ఒక్క అచ్చు చాలు, అదీ మెత్తటి దాని మీద. పైగా పాత నాణేనికీ కొత్త నాణేనికీ తేడా దూరం నుంచే తెలియాలి, చదువు రాని రైతుకి కూడా. అందుకే ప్రతిసారీ బొమ్మ మార్చారు. ఈసారి బిషప్పు కూర్చుంటాడు, వచ్చేసారి నిలబడతాడు, ఆ తర్వాత గోపురాల మధ్య నుంచి చూస్తాడు. వెడల్పు రేకు కాబట్టి చెక్కేవాడికి చోటు దొరికింది. ఆ కాలపు కళలో వీటికి దీటైనవి తక్కువ అంటారు, నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే ఆ అందం కోసం ఎవరూ డబ్బు ఖర్చు పెట్టలేదు, జనం జేబులు కొట్టడానికి పెట్టుకున్న యంత్రాంగంలోంచి అది పుట్టింది. నాకు ఆ బొమ్మలు చూసినప్పుడల్లా ఆ పోయిన మూడు నాణేలే గుర్తొస్తాయి.

మీలాంటి పెద్ద వ్యాపారులు దీన్నించి తప్పించుకునేవారని కూడా చెప్పాలి. పెద్ద మొత్తాలకు వెండి కడ్డీలు తూకం మీద ఇచ్చిపుచ్చుకునేవారు. కడ్డీకి రద్దు లేదు. దెబ్బ తగిలింది ఎవరికంటే, నాలుగు కోళ్ళూ గంపెడు గింజలూ అమ్ముకుని చేతిలో పదిహేను నాణేలు పెట్టుకున్న మనిషికి. ఈ మధ్య కొందరు, డబ్బు నిలవ ఉంచితే తరిగిపోతుంది కాబట్టి అందరూ ఖర్చుపెట్టారు, అందుకే ఆ కాలంలో అంత సంపద, అన్ని పెద్ద చర్చిలు అని సిద్ధాంతాలు చెప్తున్నారు. వినడానికి బాగుంది. చర్చి కట్టినవాడి వైపు నుంచి చూస్తే ఇంకా బాగుంటుంది.

ఇది ఆగింది ఎలాగంటే, ఊళ్ళు విసిగిపోయి ప్రభువుతో బేరం కుదుర్చుకున్నాయి. మొత్తంగా ఇంత అని ముట్టజెప్పి, ఇకమీదట నాణెం మార్చనని మాట తీసుకున్నాయి. అలా కొట్టుకున్నదాన్ని "శాశ్వత ఫెన్నిగ్" అన్నారు. పేరులోనే ఎంత కసి ఉందో చూడండి! ఈలోపు ప్రాగ్‌లో 1300లో, మైసెన్‌లో 1338 నుంచి గ్రోషెన్ అనే దళసరి వెండి నాణేలు వచ్చాయి. వాటి ముందు రేకులు నిలబడలేదు.

అందరు ఆర్చిబిషప్పులూ ఇలాగే చేశారనుకోకండి. రైన్ నది ఒడ్డున కొలోన్ పెద్ద వ్యాపార పట్నం, అక్కడి ఆర్చిబిషప్పు నాణెం రెండువైపులా అచ్చు ఉన్న దళసరి ఫెన్నిగ్, దాదాపు గ్రామున్నర మంచి వెండి. దూరదేశపు వర్తకుడు మళ్ళీ మళ్ళీ రావాలంటే నాణెం మాట నిలబెట్టుకోవాలని వాళ్ళకి తెలుసు. ఆ నాణేన్ని చుట్టుపక్కల వాళ్ళు కాపీ కొట్టారు. కొలోన్ మార్కు అని వాళ్ళు పెట్టుకున్న వెండి తూకం, సుమారు 234 గ్రాములు, తర్వాత జర్మనీ అంతటికీ ప్రమాణమైంది. మీ భాషలో చెప్పాలంటే, ఒకడు కాయకి రూపాయి కోసుకున్నాడు, ఇంకొకడు రేటు నిలబెట్టి మార్కెట్టే తన దగ్గరికి తెచ్చుకున్నాడు.

ప్రశ్న: మేం నాలుగు తరాలుగా చర్చికి వెళ్ళేవాళ్ళం. బిషప్పు అంటే ప్రార్థన చేయించేవారు, దీవించేవారు. నాణెం కొట్టడం రాజు పని కదా! వీళ్ళకి ఆ అధికారం ఎవరిచ్చారు?
– నరసాపురం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: రాజే ఇచ్చాడమ్మా, అదీ తన లాభం చూసుకునే. 10వ శతాబ్దంలో జర్మనీ రాజు మొదటి ఓటో, ఆయన వెనక వచ్చినవాళ్ళు ఊళ్ళూ, సంతలూ, సుంకాలూ, నాణెం కొట్టే హక్కూ బిషప్పులకు రాసిచ్చారు. సామంతుడికి ఊరిస్తే వాడి కొడుకు, మనవడు అది మా తాతల ఆస్తి అంటారు. బిషప్పుకి వారసులు ఉండరు. ఆయన పోతే ఆ కుర్చీలో తనకు నచ్చినవాణ్ణి కూర్చోబెట్టడానికి రాజుకి మళ్ళీ వీలు చిక్కుతుంది. ఓటో సొంత తమ్ముడు బ్రూనో 953లో కొలోన్ ఆర్చిబిషప్పు అయ్యాడంటే ఇక చెప్పేదేముంది.

మన దగ్గర దేవుడి మాన్యాలు ఉండేవి, ద్రాక్షారామం శాసనాలు చూస్తే దీపారాధనకి ఎవరెవరు ఎన్ని మాడలు ఇచ్చారో కనిపిస్తుంది. కానీ ఆ మాడలు కొట్టింది గుడి కాదు. అక్కడ గుడి పెద్దే కోట కట్టాడు, సైన్యం నడిపాడు, టంకసాల పెట్టాడు. 1220లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి, మీ అనుమతి లేకుండా మీ భూముల్లో కొత్త టంకసాల పెట్టను అని ఈ మత ప్రభువులకు రాసిచ్చేశాడు. 1356 నాటికి చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురిలో ముగ్గురు ఆర్చిబిషప్పులు: మైన్జ్, కొలోన్, ట్రియర్. ఈ ఏర్పాటు 1803 దాకా సాగి, నెపోలియన్ కాలపు గందరగోళంలో పోయింది.

మీ ఊరి వాళ్ళకి ఇంకో సంగతి బాగా తెలిసే ఉంటుంది, 1840లలో రాజమండ్రిలో లూథరన్ మిషన్ మొదలుపెట్టింది ఉత్తర జర్మనీ వాళ్ళే. ఆ మిషన్‌కి పేరిచ్చిన మార్టిన్ లూథర్ 1517 అక్టోబరు 31న తన అభ్యంతరాలు రాసి పంపింది ఎవరికనుకున్నారు? మాగ్డెబుర్గ్ ఆర్చిబిషప్పు అల్‌బ్రెక్ట్‌కి. విచ్‌మన్ కూర్చున్న కుర్చీయే. డబ్బు పుచ్చుకుని పాపాలకు శిక్ష తగ్గుతుందని ఇచ్చే పాపపరిహార పత్రాల గొడవ అది. ఆ కుర్చీకి డబ్బు గొడవలు కొత్త కాదు మరి.

ప్రశ్న: మీరు వేసిన ఫోటో కింద "మఠాధిపతి అయిన ఒక స్త్రీ కూడా ఇలాంటివి కొట్టించింది" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నారు. అన్యాయం. ఆవిడ గురించి చెప్పండి.
– పాలకొల్లు నుంచి ఒక టీచర్

జవాబు: ఒప్పుకున్నాను మేడమ్. ఒక్కావిడ కాదు, వరసగా చాలామంది. హార్జ్ కొండల దగ్గర క్వెడ్లిన్‌బుర్గ్ అనే ఊళ్లో 936లో మొదటి ఓటో, ఆయన తల్లి మటిల్డా కలిసి ఒక మఠం పెట్టారు. పెద్దింటి ఆడవాళ్ళ మఠం. 994లో మూడో ఓటో అక్కడి మఠాధిపతికి సంత, సుంకం, నాణెం హక్కులు ఇచ్చాడు. ఆ మఠాధిపతి పేరు కూడా మటిల్డాయే, మూడో ఓటోకి మేనత్త. ఆవిడ మామూలు మనిషి కాదు, రాజు ఇటలీ వెళ్తే ఇక్కడ రాజ్యం చూసింది. అలా ఆ ఊరి ప్రభువు ఆడమనిషే అయ్యింది, పైన స్థానిక బిషప్పు పెత్తనం లేదు.

12వ శతాబ్దంలో రెండో బెయాట్రిక్స్, ఆ శతాబ్దం చివర రెండో ఆగ్నెస్ కాలపు రేకు నాణేలు నాకు బిషప్పుల వాటికంటే ఎక్కువ ఇష్టం. ముసుగు వేసుకున్న స్త్రీ దర్జాగా ఆసనం మీద కూర్చుని, చేతిలో పుస్తకమో లిల్లీ పువ్వో పట్టుకుని సూటిగా మనవైపే చూస్తుంటుంది. రాణి అని కాదు, ఎవరి భార్య అనో తల్లి అనో కాదు, ఆ పదవిలో ఉన్న మనిషిగా. ఆవిడ కూడా నాణెం మార్చి పన్ను లాగలేదా అని మీ పిల్లలు అడుగుతారు, లాగే ఉంటుంది, ఆ రేకుల పద్ధతే అది. లూథర్ గొడవ తర్వాత ఆ మఠం ప్రొటెస్టెంటుగా మారింది గానీ పదవి పోలేదు, అదీ 19వ శతాబ్దం మొదట్లోనే పోయింది.

ప్రశ్న: ఇంత వెండి ఎక్కడిది వాళ్ళకి?
– తణుకు

జవాబు: కొండల్లోది. గోస్లార్ పక్కన రామెల్స్‌బెర్గ్ గని 10వ శతాబ్దం నుంచీ నడిచింది, 1168లో ఫ్రైబెర్గ్ దగ్గర వెండి బయటపడింది. రేకు నాణేల ఊళ్ళన్నీ ఎక్కువగా ఈ రెంటి చుట్టుపక్కలే. మీ ఉత్తరం ఇంత పొట్టిగా ఉంది కాబట్టి జవాబూ ఇంతే.

ప్రశ్న: మా పొలం చేపల చెరువు చేయిస్తుంటే ప్రొక్లెయిన్ తొట్టెలో చిన్న మట్టి పిడత వచ్చింది, అందులో పల్చటి తెల్ల బిళ్ళలు కొన్ని. మీ ఫోటో చూశాక అవి జర్మనీవేమో అని మా బావగారు అంటున్నారు. పాలకొల్లు, నరసాపురాల్లో డచ్చివాళ్ళు ఉండేవారు కదా, వాళ్ళు తెచ్చి ఉంటారా? ఎవరికి అమ్మాలి?
– భీమవరం దగ్గర నుంచి, పేరు వద్దన్నారు

జవాబు: పేరు వద్దనడం తెలివైన పనే, అమ్మాలనడం మాత్రం కాదు. ముందు మొదటి సంగతి. డచ్చివాళ్ళు మన తీరానికి వచ్చింది 17వ శతాబ్దంలో. అప్పటికి రేకు నాణేలు చెలామణీ ఆగిపోయి చాలా కాలమైంది. పైగా ఆ రేకు కొట్టిన సంత దాటితే విలువ లేనిది, సముద్రాలు దాటించే సరుకు కాదు. మీకు దొరికినవి మన నేల నాణేలే అయ్యుండాలి, ఏ కాలంవో చేతిలో పెట్టుకుని చూస్తే గానీ చెప్పలేం.

అసలు కుండలో నాణేలు ఎందుకు దాచారు అనే ప్రశ్నకి మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే జవాబు: దాచుకున్నవాడు మళ్ళీ వచ్చి తీసుకోలేకపోయాడు. జర్మనీలో ఫ్రెక్లెబెన్ అనే ఊళ్లో 1860లో ఇలాగే రేకు నాణేల పాతర ఒకటి బయటపడింది, 1160 ప్రాంతాల్లో పాతిపెట్టినది. ఒకే కుండలో ఉన్నాయి కాబట్టి ఆ బిషప్పు నాణెం, ఈ ప్రభువు నాణెం ఒకే కాలంవి అని తెలిసింది, తారీకు లేని నాణేలకు వరస దొరికింది. కుండలోంచి నాలుగు తీసి అమ్మేస్తే ఆ వరస పోతుంది. రద్దయిపోయే నాణెం ఎందుకు దాచారంటారా, ముద్ర చెల్లకపోయినా వెండి వెండే కదా.

ఇక రెండోది జాగ్రత్తగా వినండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే, అవును పది రూపాయలే, ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అని కలెక్టరుకి రాతపూర్వకంగా చెప్పాలి. దొరికినవాడికీ పొలం యజమానికీ ఏం రావాలో కూడా చట్టంలో ఉంది. దాచిపెడితే ఆ వాటా పోతుంది, జైలుకి కూడా వెళ్ళాల్సి రావచ్చు. ముందు ఒక కాగితం రాసి తహసీల్దారు ఆఫీసులో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ప్రొక్లెయిన్ డ్రైవరు ఎలాగూ ఈపాటికి ఊరంతా చెప్పే ఉంటాడు.

ప్రశ్న: సార్, మన తెలుగు రాజులు ఎవరైనా ఇలా ఒకవైపే అచ్చు ఉన్న పల్చటి నాణేలు కొట్టారా? పోటీ పరీక్షల కోసం అడగడం లేదు, ఊరికే.
– రాజమహేంద్రవరం నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఊరికే అడిగినవాళ్ళంటే నాకు ప్రేమ ఎక్కువ. కొట్టారు, మీ ఊరి రాజే కొట్టాడు. వేంగి చాళుక్యుల్లో మొదటి శక్తివర్మ, ఆ తర్వాత రాజరాజ నరేంద్రుడు బంగారు నాణేలు వేయించారు, అంటే 11వ శతాబ్దపు మాట. వెడల్పుగా, పల్చగా, వెనక ఖాళీగా ఉంటాయి. మధ్యలో వరాహం, చుట్టూ రాజు పేరులోని ఒక్కో అక్షరాన్నీ విడి అచ్చుతో గుద్దారు. నన్నయగారు భారతం రాస్తున్న రోజుల్లో ఆ కొలువులో చేతులు మారిన నాణేలు ఇవే అయ్యుంటాయి.

రూపం ఒకటే అయినా బతుకు వేరు. ఇవి బర్మా తీరంలో అరకాన్ దగ్గర చెడూబా దీవిలో దొరికాయి. అంటే బంగాళాఖాతం దాటి వెళ్ళాయి. ఎవరి ముద్ర అని అడక్కుండా బంగారం చూసి తీసుకునే సరుకు అది. బిషప్పు రేకు పక్క ఊరికి వెళ్ళలేకపోయింది, మన వరాహం సముద్రం ఈదింది. ఈ పోలిక ఎవరైనా వివరంగా రాస్తే బాగుండును, నువ్వే రాయకూడదూ?

ప్రశ్న: మా నాన్నగారి దగ్గర పాత వెండి నాణేలు నల్లబడి ఉన్నాయి. చింతపండు, ఉప్పు వేసి తోమితే మెరుస్తాయని మా అత్తగారు అంటున్నారు. తోమమంటారా?
– రాజోలు నుంచి ఒక గృహిణి

జవాబు: వద్దమ్మా, దయచేసి వద్దు! అత్తగారికి నా మాటగా చెప్పండి, ఇత్తడి బిందె వేరు, పాత నాణెం వేరు. ఆ నలుపు నాణెం మీద వయసు వేసిన పొర, దాన్ని గీకితే పైన ఉన్న సన్నటి గీతలు కూడా పోతాయి, కొనేవాడు మొదట చూసేది ఆ నలుపే. నాకు తెలియక చేసిన పాపం ఒకటి చెప్తాను. నా మొట్టమొదటి రేకు నాణేన్ని, హాల్బెర్‌ష్టాట్‌ది, విభూతితో మెల్లగా రుద్దాను, దేవుడి వెండి సామాన్లు తోమినట్టే. మెరిసింది. తుడుస్తుంటే వేలి కింద చిటుక్కుమంది. స్టీఫెన్ గారి తల ఒకవైపు, ఆయన మీదికి విసిరిన రాయి ఇంకోవైపు వచ్చాయి. ఆ రెండు ముక్కలూ ఇప్పటికీ దూదిలో పెట్టి అగ్గిపెట్టెలో దాచుకున్నాను. మీరు నీళ్ళు కూడా తగలనివ్వకుండా, అంచులు పట్టుకుని తీసి, విడివిడిగా మెత్తటి కాగితంలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు. నాకు చూపించాలనుకుంటే రెండువైపులా ఫోటోలు పంపండి చాలు, పోస్టులో నాణేలు మాత్రం పంపకండి, పోయిన నెల ఒకాయన పంపితే కవరు చిరిగి వచ్చింది.